దించడం తెలిసి ఎగరెయ్యాలి

తెరచాప ఓడ మీద పనికి కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు ఒకటే భయం. డెక్కు మీద నిలబడి తలెత్తితే ఆకాశానికి ముందు తాళ్ళే కనపడతాయి. మూడు తెరచాప కొయ్యల ఓడ అయితే వందకు పైనే ఉంటాయి. దాదాపు అన్నీ ఒకటే రంగు, ఒకటే లావు. "వీటిలో ఏది దేనిదో ఎప్పటికి తెలుస్తుంది?" అని నేనూ అడిగాను, నా తర్వాత వచ్చిన పిల్లలూ అడిగారు. పదిరోజులు డెక్కు మీద తిరిగితే అది తెలిసిపోతుంది. ఎన్నేళ్ళు తిరిగినా కొందరికి పట్టుబడని సంగతి ఇంకొకటి ఉంది. ఈ నాలుగు మాటలూ దాని కోసమే రాస్తున్నాను.

ముందు ఆ వందలోంచి మనకు కావలసినవి వేరు చేసుకుందాం. ఓడ తాళ్ళు రెండు జాతులు. కొయ్య పడిపోకుండా నాలుగువైపులా పట్టి నిలబెట్టేవి ఒక జాతి. అవి కదలవు, ఈ రోజుల్లో ఎక్కువగా ఉక్కుతీగతో చేస్తారు. చాపలను ఎత్తడానికీ, దించడానికీ, తిప్పడానికీ, ముడవడానికీ మనుషులు చేత్తో నడిపేవి రెండో జాతి. ఈ రెండో జాతిలో చాపనో, చాప వేలాడే అడ్డకొయ్యనో, జెండానో పైకెత్తే తాడు పేరు హాల్యార్డు. మీకది మరీ కొత్తదేం కాదు. పంద్రాగస్టు నాడు బడిలో జెండా తాడు లాగినవాళ్ళంతా హాల్యార్డు లాగినవాళ్ళే. నూతి గిలక మీద చేంతాడు వేసి నీళ్ళు తోడినవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువే తెలుసు. బొక్కెన లోపలికి దిగేటప్పుడు తాడు అరచేతిలోంచి జర్రున జారితే ఏమవుతుందో, తాడు రెండో కొస గట్టున కట్టడం మరిచిపోతే ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హాల్యార్డు పనిలో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటకు వస్తుంది. చాప ఎత్తేటప్పుడే, దాన్ని దించే గడియను తలుచుకుని ఎత్తాలి. ఎగరేసేటప్పుడు పదిమంది ఉంటారు, వెలుతురు ఉంటుంది, తీరిక ఉంటుంది. దించాల్సిన గడియ మనల్ని అడిగి రాదు. అర్ధరాత్రి వస్తుంది, గాలివానతో వస్తుంది, కాపలాలో నలుగురే ఉన్నప్పుడు వస్తుంది.

నాకిది తెలిసింది మొదటి ఏడాదిలో. ఓడ పేరు అక్కర్లేదు. ఒక సాయంత్రం ముందుకొయ్య దగ్గరి మూడుమూలల చాప ఎగరేశాం. డెక్కు అంచున ఉండే పలకలో కర్ర కడ్డీలు వరసగా గుచ్చి ఉంటాయి. తాళ్ళన్నీ వాటికే కడతారు. బిలేయింగ్ పిన్నులంటారు, డెక్కు మీద ఒట్టి పిన్ను అంటే చాలు. చాప బిగిశాక మిగిలిన తాడు చుట్టి పిన్నుకు తగిలించమన్నారు నన్ను. చూడముచ్చటగా ఉండాలని చుట్ట నడుముకు రెండు మెలికలు వేసి, కొసను వాటిలోంచి దూర్చి, బిగలాగి తగిలించాను. రాత్రి రెండింటికి గాలివాన కొట్టింది. దించమని కేక వినగానే ఒకతను చీకట్లో ఆ చుట్టను అలాగే డెక్కు మీద పడేసి పిన్ను మీది మెలికలు విప్పేశాడు. తాడు పైకి పరుగెత్తింది. పరుగెత్తుతూ నేను దూర్చిన కొసను తనలోకే బిగించుకుని, తలకు కాస్త ఎత్తున కప్పీ దగ్గర పిడికెడు ముద్దయి ఆగిపోయింది. చాప సగం దిగి సగం పైనే ఉండి గాలికి కొట్టుకోసాగింది. తడిసిన చాప అలా కొట్టుకుంటే తుపాకులు పేలినట్టు ఉంటుంది. దాని కింది మూలన ఉన్న ఇనుప కొండీ తగిలితే మనిషి బతకడు. డెక్కు పనివాళ్ళకు పెద్ద అయిన బోసన్ ఎక్కి ఆ ముద్ద విప్పేసరికి చాప అంచు నుంచి నడుమదాకా చిరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున ఆ పిన్ను దగ్గరికే తీసుకెళ్ళి, చేతిలో దీపం ఆర్పి, అదే తాడును ఇరవైసార్లు చుట్టించి ఇరవైసార్లు వదిలించారు.

ఇక ఏ తాడు దేనిదో గుర్తుపట్టే సంగతి. తాళ్ళను గుర్తుపెట్టుకోవాలని చూడకండి, చోట్లను గుర్తుపెట్టుకోండి. అడ్డకొయ్యల ఓడల్లో పిన్నుల వరసకు ఒక పద్ధతి ఉంది. కొయ్య మీద చాప ఎంత పైన ఉంటే దాని తాళ్ళు డెక్కు మీద అంత వెనక్కి వచ్చి దిగుతాయి. ఎడమ పక్కన ఏ వరసో కుడి పక్కన కూడా దాదాపు అదే వరస. ఓడ ఓడకూ చిన్న తేడాలున్నా ఈ పద్ధతి శతాబ్దాలుగా మారలేదు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడలో తాళ్ళన్నీ కలిపితే 26 మైళ్ళు, అంటే 42 కిలోమీటర్లు. వేరే ఓడ నుంచి నిన్న వచ్చిన కళాసీ ఈ రాత్రి చీకట్లో అక్కడ సరైన తాడు పట్టుకోగలిగాడంటే, ఈ వరసే కారణం. శిక్షణ నౌకల్లో పిన్నుల ఆట ఆడిస్తారు. తాడు పేరు అరవగానే రెండు జట్లూ పరుగెత్తి సరైన పిన్ను మీద చెయ్యి వెయ్యాలి. సిగ్గుపడకుండా ఆడండి. తర్వాత ఒక్కరే రాత్రిపూట వెళ్ళి కళ్ళు మూసుకుని ఆ వరసను తడుముకుంటూ నడవండి. చేతికి తెలిసింది కంటికి తెలిసినదానికన్నా నమ్మకమైనది.

చిన్న విహార పడవలైన యాచ్‌ల మీద ఈ బాధ లేదు. ఒక్కో తాడుకు ఒక్కో రంగు గీత ఉంటుంది. తాడులో రంగు నూలు కలపడం కూడా పాత అలవాటే. బ్రిటిష్ నౌకాదళం తాళ్ళు పేనే చోట్ల పేటల మధ్య ఒక రంగు నూలు దాచి కలిపేవారు. దొంగిలించిన తాడు బజార్లో దొరికితే, పురి విప్పి చూడగానే అది సర్కారుదని తెలిసేది. అలాంటి చోటు ఒకటి ఇంగ్లండులోని చాథమ్‌లో ఉంది. 1618 నుంచి అక్కడ తాళ్ళు పేనుతున్నారు, ఇప్పటికీ పేనుతున్నారు. తాడును నిడుపుగా పరిచి పురి పెట్టాలి కాబట్టి ఆ శాల దాదాపు పావుమైలు పొడవుంటుంది.

చాప ఎత్తమన్నప్పుడు తాడు మీదికి దూకకండి. ముందు తలెత్తి చూడండి. చాపను కట్టిన పట్టీలు విప్పారా? చాపను కిందికి లాగే తాడు వదులుగా ఉందా, దాని దగ్గర మనిషి ఉన్నాడా? కింది మూల పట్టి ఉంచే తాడు సడలించారా? కొయ్య మీద ఎవరైనా పని చేస్తున్నారా? ఎత్తే తాడు బిగుసుకుపోతే పదిలో తొమ్మిదిసార్లు కారణం, సడలించాల్సిన ఇంకో తాడు సడలించకపోవడమే. అప్పుడు ఇంకో నలుగురిని పిలిచి గట్టిగా లాగితే ఏదో ఒకటి తెగుతుంది. కాబట్టి తాడు ఆగితే మీరూ ఆగండి, పైకి చూడండి. "ఆపండి" అని అరిచే హక్కు డెక్కు మీద అందరికీ ఉంటుంది, నిన్న చేరినవాళ్ళకు కూడా.

పిన్ను మీంచి చుట్ట తీశాక దాన్ని బోర్లించి డెక్కు మీద పెట్టాలి. అంటే పిన్ను వైపు నుంచి వచ్చే తాడు పైకీ, కొస అడుక్కీ ఉండాలి. ఇలా చేస్తే తాడు ఎటు నడిచినా ఒక్కో చుట్టుగా లేస్తుంది. తిరగేసి పెడితే అడుగు చుట్టు పై చుట్టును లాగుతుంది, చిక్కు పడుతుంది. రెండు సెకన్ల పని. నా చాప చిరిగిన రాత్రి ఆ రెండు సెకన్లూ ఎవరూ పెట్టలేదు.

లాగడం మొదట తేలికే. చాప బరువు పడకముందు చెయ్యి మీద చెయ్యి వేసి గబగబా లాగేయొచ్చు. బరువు పడ్డాక వరసగా నిలబడి, అందరూ ఒకే ఊపున లాగాలి. మన తీరంలో వల లాగేటప్పుడు, పడవ ఒడ్డుకు తోసేటప్పుడు "హైలెస్సా" అంటారు చూశారూ, అది ఉత్త కేక కాదు, పనిముట్టు. ఎనిమిదిమంది బలాన్ని ఒకే క్షణంలో తాడు మీద పడేలా చేస్తుంది. యూరప్ నావికులకూ హాల్యార్డు పాటలని వేరే ఉండేవి, మామూలుగా ఒక్కో పల్లవికి రెండు లాగుళ్ళు. మీ ఓడలో ఏ భాషలో పిలుపు ఉంటే దాన్ని మొదటిరోజే నేర్చుకోండి. పిలుపుకు ముందు లాగినవాడు తన నడుము పోగొట్టుకుంటాడు, పిలుపు తర్వాత లాగినవాడు పక్కవాడి నడుము పోగొడతాడు. తాడును చేతికి చుట్టుకోవడం ఎప్పుడూ చెయ్యకండి. కప్పీకి, పిన్నుకు ఒక చేయంత దూరంలో పట్టుకోండి. దగ్గరగా పట్టుకుంటే ఒక్క ఊపుకు వేళ్ళు కప్పీలోకి పోతాయి. డెక్కు మీద పడి ఉన్న తాడు వంకీలో కాలు పెట్టకండి. ఉంగరాలు తీసేయండి, పెళ్ళి ఉంగరమైనా సరే.

కప్పీల లెక్క కొంచెం తెలిసి ఉండాలి, ఎందుకంటే బరువు ఎక్కడ పడుతుందో ఆ లెక్కే చెబుతుంది. పైకి కదిలే కప్పీని ఎన్ని తాళ్ళు పట్టి ఉన్నాయో లెక్కపెట్టండి. నాలుగుంటే వంద కిలోల బరువుకు చేతికి పాతిక కిలోలు రావాలి. కానీ కప్పీలోని ప్రతి గిలకా రాపిడికి కొంత తినేస్తుంది. పాత సరంగుల లెక్క ఏమిటంటే, గిలకకు పదోవంతు బరువు కలుపుకోవడం. నాలుగు గిలకలకు నలభై కలిపితే నూట నలభై, దాన్ని నాలుగు పెట్టి భాగిస్తే ముప్పై అయిదు. పాతికకూ ముప్పై అయిదుకూ మధ్య తేడాయే గిలకకు గ్రీజు పెట్టడం ఎందుకో చెబుతుంది. ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. కొయ్య చివర ఒక్క గిలక మీంచి తాడు పైకెళ్ళి కిందికి తిరిగిందంటే, ఆ గిలకను పట్టి ఉంచిన మేకు మీద పడేది చాప లాగే బరువొక్కటే కాదు, మీరు లాగే బరువు కూడా, అంటే రెట్టింపు. డెక్కు మీద తాడును పక్కకు తిప్పే కప్పీ అయితే తాడులోని బరువుకు దాదాపు ఒకటిన్నర రెట్లు. కొండీ చిన్నదిగా కనపడిందంటే అనుమానించండి.

చివరి జానెడు బిగింపు బలంతో రాదు, ఒడుపుతో వస్తుంది. ఒకరు పిన్ను కింద ఒక చుట్టు వేసి కొస పట్టుకుని కూర్చుంటారు. ఇంకొకరు పిన్నుకు పైన నిలువుగా బిగిసి ఉన్న తాడును రెండు చేతులా పట్టి, ఒంటి బరువంతా వేసి తనవైపు వంచుతారు, వంచినదాన్ని పిన్ను వైపు కిందికి వదులుతారు. వదిలిన ఆ రెండంగుళాల సడలును కింద కూర్చున్నవాళ్ళు ఠక్కున లాగేసుకోవాలి. మళ్ళీ వంచు, మళ్ళీ లాగు. ఇద్దరు మనుషులు అరగంట ముందు ముక్కూమొహం తెలియనివాళ్ళయినా, నాలుగోసారికి ఒకరి ఊపిరి ఒకరికి తెలుస్తుంది. ఓడ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

యాచ్‌ల మీద మనుషుల వరసకు బదులు వించి ఉంటుంది, తాడు చుట్టి పిడితో తిప్పే చిన్న పీపా లాంటిది. తాడును దాని మీద గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. మొదట ఒకటి రెండు చుట్లే. బరువు పెరిగేకొద్దీ మూడు, నాలుగు. మొదటే నాలుగు వేస్తే సడలు తాడు ఒకదాని మీదికొకటి ఎక్కి బిగుసుకుపోతుంది, దించాల్సినప్పుడు రాదు.

కట్టడం దగ్గరికి వద్దాం. ముందు పిన్ను అడుగు నుంచి ఒక నిండు చుట్టు, తర్వాత పైకీ కిందికీ ఎనిమిది అంకెలా మూడు మెలికలు. పెద్ద ఓడల మీద చివర బిగుసు ముడి వెయ్యరు. నారతాడు తడిస్తే ఉబ్బుతుంది, ముడి రాయైపోతుంది. కొన్ని చిన్న పడవల్లో నున్నటి కొత్తరకం తాళ్ళకు ముడి వేస్తారు. ఎక్కిన ఓడ అలవాటు అడిగి అదే చెయ్యండి, మీ పాత ఓడ అలవాటు ఇక్కడికి తేకండి. చీకట్లో మీరు కట్టినదాన్ని విప్పేది వేరేవాళ్ళు.

చుట్ట చుట్టేటప్పుడు పిన్ను దగ్గర మొదలుపెట్టి కొస వైపు వెళ్ళాలి. అప్పుడు తాడులో చేరిన అదనపు పురి చివరికి తోసుకుంటూ వెళ్ళి బయటికి పోతుంది. కొస దగ్గర మొదలుపెడితే ఆ పురంతా పిన్ను దగ్గర ముద్దగా చేరుతుంది. మూడు పేటల తాడు మామూలుగా కుడి పురి పెట్టి ఉంటుంది, దాన్ని గడియారం వైపే చుట్టాలి. జడలా అల్లిన తాడుకు ఆ గొడవ లేదు, ఎనిమిది అంకెలా వేస్తే ఇంకా మేలు. తగిలించడానికి, పిన్ను దగ్గరి తాడునే ఒక వంకీగా చుట్టలోంచి ఇవతలికి తెచ్చి, ఒక మెలిక తిప్పి పిన్ను తలకు వెయ్యండి. ఒక్క చేత్తో తీస్తే ఊడి రావాలి. కొసను దేనిలోంచీ దూర్చకండి. ఆ కొసకు మాత్రం ఒక ముడి ఉండాలి, లేదా అది పలకకు కట్టి ఉండాలి. లేకపోతే తాడు మొత్తం కప్పీలోంచి పైకి పోతుంది. దాన్ని తేవడానికి ఒక మనిషి కొయ్య ఎక్కాలి.

ఇప్పుడు దించడం. మెలికలు ఒక్కొక్కటే తీస్తూ రండి, తాడు బిగువును చెయ్యి వదలకూడదు. నిండు చుట్టు ఒకటి మాత్రం పిన్ను మీద ఉంచండి. ఆ చుట్టు రాపిడే మీ బలం. అది తీసేస్తే చాప బరువంతా మీ అరచేతుల మీద ఉంటుంది, మీరు గెలవలేరు. "సడలించు" అనగానే చేతులు పిన్ను వైపు తీసుకెళ్ళి తాడును కొద్దికొద్దిగా అందించండి, జారనివ్వడం వేరు, అందించడం వేరు. జారడం మొదలైతే మళ్ళీ పట్టుకోవాలని చూడకండి. పట్టుకుంటే అరచేతి చర్మం తాడుతో పాటు పోతుంది. పక్కకు తప్పుకుని కేక వెయ్యండి. వించి మీద అయితే చుట్ల మీద అరచెయ్యి చాచి నొక్కి పెట్టి, ఆ నొక్కుడు కొంచెం కొంచెం తగ్గిస్తూ తాడు నడిపించాలి; బొటనవేలు లోపలికి పెట్టకూడదు.

గాలి ముదిరినప్పుడు చాపను పూర్తిగా దించరు, కొంత దించి ముడుస్తారు. అది కూడా హాల్యార్డు పనే. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగొచ్చిన నౌకాదళ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వి తారిణి గుర్తుంది కదా. ఆరుగురు నౌకాదళ మహిళలు భూగోళం చుట్టి వచ్చారు. వాళ్ళలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. యాభై అయిదడుగుల పడవలో దక్షిణ సముద్రాలు దాటడమంటే, చాప కొంత దించడం, ముడవడం, గాలి తగ్గగానే మళ్ళీ ఎత్తడం. అదే పని రాత్రీ పగలూ నెలల తరబడి. దించేటప్పుడు ఒక్కసారి తాడు చిక్కుపడితే సాయానికి ఇంకెవరూ లేని చోటు అది.

తాడు ఆరోగ్యం చూడడం కూడా డెక్కు పనివాళ్ళదే. హాల్యార్డుకు ఉండే ప్రత్యేకమైన జబ్బు ఏమిటంటే, చాప ఎత్తి ఉన్నన్నాళ్ళూ తాడులో ఒకే చోటు గిలక మీద కూర్చుని అరుగుతుంది. దూరప్రయాణంలో రోజూ ఒక జానెడు సడలించడమో బిగించడమో చేసి ఆ చోటు మార్చాలి. తాడు కొనేటప్పుడే రెండు మూడు మీటర్లు అదనంగా ఉంచుకుంటే, అరిగిన కొస కోసేసి కొత్త కన్ను, అంటే కొసన ఉండే వంకీ, అల్లుకోవచ్చు. కొన్నాళ్ళకు తాడును తిరగేసి రెండో కొసతో వాడొచ్చు. మూడు పేటల తాడును చేతులతో కొంచెం పురి విప్పి లోపల చూడండి. లోపల పొడి రాలుతుంటే, నారతాడు బూడిదరంగుకు తిరిగితే, పైకి ఎంత బాగున్నా దాన్ని ఎత్తే పనికి వాడకండి. అల్లిక తాడులో ఒక చోట గట్టిపడి మెరుస్తుంటే అది రాపిడి వేడికి కరిగిన చోటు. ఉక్కుతీగలో మీసాల్లా తీగముక్కలు లేచి ఉంటే చేతికి గుడ్డ చుట్టుకుని తడమండి, లెక్కపెట్టండి, బోసన్‌కు చెప్పండి.

ఏ తాడు కొనాలన్నది డబ్బున్నవాళ్ళు తేల్చే విషయమైనా, ఏది దేనికి పనికిరాదో మీకు తెలియాలి. నైలాను సాగుతుంది, తడిస్తే బలంలో పదోవంతు పైగా పోతుంది. లంగరుకు, ఓడను రేవుకు కట్టడానికి ఆ సాగుడే మంచిది. హాల్యార్డుకు అదే చేటు, ఎత్తిన చాప గాలి కొట్టినప్పుడల్లా కిందికి జారుతుంది. పాలిస్టరు తక్కువ సాగుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, సాధారణంగా హాల్యార్డుకు అదే. డైనీమా అనే కొత్తరకం తాడుకు ఉక్కుతీగతో పోటీపడే బలమున్నా సుమారు 150 డిగ్రీలకే కరుగుతుంది, వించి మీద జర్రున జారనిస్తే పాడవుతుంది. చవగ్గా దొరికే పాలీప్రొపిలీన్ నీటి మీద తేలుతుంది, కానీ ఎండకు పెళుసైపోతుంది. దాన్ని చూసి బలమైనదని మోసపోకండి. ఏ తాడైనా ముడి వేస్తే బలంలో మూడోవంతు నుంచి సగందాకా పోతుంది. పేటలు విప్పి అల్లి కన్ను చేస్తే పోయేది చాలా తక్కువ. నారతాడుకు కనీసం మూడు వరసలు అల్లాలి, నున్నటి కొత్తరకానికి అయిదు.

మనిషిని కొయ్య మీదికి ఎత్తాల్సి వచ్చినప్పుడు ఈ జాగ్రత్తలన్నీ రెండింతలు చెయ్యాలి. కూర్చునే బల్లకు ఒక హాల్యార్డు, నడుము పట్టీకి వేరే హాల్యార్డు, రెండు పిన్నుల దగ్గర ఇద్దరు వేరే మనుషులు. స్ప్రింగు కొక్కేనికి తగిలించొద్దు, తాడునే నేరుగా ముడి వెయ్యాలి. పైకెళ్ళేది మీరైతే ఆ ముడి మీరే చూసుకోండి. నాయకుడు ఎంత పెద్దవాడైనా "నేను చూశాలే" అంటే ఊరుకోకండి.

ఇంతకీ ఈ పని ఎక్కడ దొరుకుతుంది? మనకు పరాయి పనేం కాదిది. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది; కొయ్యలున్నాయంటే చాపలెత్తిన తాళ్ళూ, ఆ తాళ్ళు లాగిన చేతులూ ఉన్నాయి. గోదావరి మొగలో కోరంగి రేవు ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. అక్కడి నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళు ఎంతమందంటే తెలుగువాళ్ళందరినీ బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. ఇప్పటి దారులు వేరు. నౌకాదళంలో ఐఎన్‌ఎస్ తరంగిణి (1997), ఐఎన్‌ఎస్ సుదర్శిని (2012) మూడు కొయ్యల శిక్షణ నౌకలు, కొచ్చిలో ఉంటాయి. ఎక్కువగా నౌకాదళంలో చేరినవాళ్ళకే వాటి మీద చోటు. వ్యాపార నౌకల్లో చేరాలంటే పదో తరగతి తర్వాత సాధారణ నావికుడి పనికి ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు ఉంది. అక్కడ తెరచాపలు లేకపోయినా సరుకెత్తే డెరిక్కులు, నిచ్చెనలు, లైఫ్‌బోట్లు అన్నీ తాడు పనే. ఆ అనుభవంతో విదేశీ శిక్షణ నౌకలకు, పెద్ద యాచ్‌లకు వెళ్ళినవాళ్ళున్నారు. హైదరాబాదు పిల్లలు హుస్సేన్‌సాగర్‌లో పడవ నేర్చుకోవచ్చు. ఒక్క సంగతి చూసుకోండి: అక్కడ ఎక్కువ కనిపించే లేజర్ రకం పడవకు హాల్యార్డే ఉండదు, చాపను కత్తి ఒరలా కొయ్యకు తొడుగుతారు. ఇద్దరు కూర్చునే 420 లాంటి పడవ అడగండి.

ఏజెంట్ల విషయంలో ఒక్క మాట, బతిమాలి చెబుతున్నాను. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తానని నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. నావికులను ఉద్యోగాల్లో పెట్టే ఏజెంట్లకు కేంద్ర ప్రభుత్వపు డీజీ షిప్పింగ్ కార్యాలయం ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టకండి. పొలం అమ్మి డబ్బు కట్టి, రేవులో దిక్కులేకుండా నిలబడ్డ మన పిల్లల్ని నేను కళ్ళారా చూశాను.

ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండొద్దు. కాకినాడలోనో విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గరో తాళ్ళ దుకాణానికి వెళ్ళి, పన్నెండు మిల్లీమీటర్ల మూడు పేటల పాలిస్టరు తాడు పది మీటర్లు అడగండి. తూకం లెక్కన ఇస్తారు. వాకిట్లో రెండు చెక్క మేకులు కొట్టి ఎనిమిది అంకె మెలిక వెయ్యండి, చుట్ట తగిలించండి, ఒక్క చేత్తో తియ్యండి, బోర్లించండి, వదలండి. కొసన కన్ను అల్లండి, విప్పండి, మళ్ళీ అల్లండి. చేతికి పట్టుబడ్డాక అదే పని రాత్రిపూట దీపం ఆర్పి చెయ్యండి.